మే నెలలో ఒంటరిగా బౌండరీ వాటర్స్: కృష్ణలో నేర్చిన తెడ్డు ఎంతవరకు పనికొస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది గుంటూరు, చదువు మినియాపొలిస్‌లో. సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా విజయవాడలో కృష్ణ మీద కయాక్ వేస్తున్నారు, ఈత బాగా వచ్చు. వచ్చే మే మొదటి వారంలో, గడ్డకట్టిన సరస్సులు విడగానే, మినసోటా ఉత్తరాన ఉన్న బౌండరీ వాటర్స్ అడవిలో నాలుగు రోజులు ఒక్కరే కనూ మీద తిరిగి రావాలని ఉంది. వెళ్లొచ్చా, వెళ్తే ఏం సిద్ధం చేసుకోవాలి?

వెళ్లొచ్చు. కాకపోతే మొదటి వారం వద్దు, మూడో వారానికి జరపండి. పెద్ద సరస్సులు వదిలేసి చిన్నవాటిని పట్టుకోండి. రోజుకి పది కిలోమీటర్లకి మించి పెట్టుకోకండి. ఒడ్డుకి యాభై మీటర్ల లోపే తెడ్డు వేయండి. ఈత వచ్చు కదా అన్న ధైర్యాన్ని మాత్రం కృష్ణ ఒడ్డునే దింపేసి వెళ్లండి, అక్కడి నీళ్లలో అది పది నిమిషాలకి మించి పనిచేయదు.

ముందు నీళ్ల చలి సంగతి

మనకి చన్నీళ్లంటే ధనుర్మాసంలో తెల్లారగట్ల పున్నమి ఘాట్‌లో వేసే మునక. పళ్లు కొట్టుకున్నా ఆ నీళ్లు ఇరవై డిగ్రీల పైనే ఉంటాయి. బౌండరీ వాటర్స్‌లో సరస్సుల మీది మంచు మామూలుగా ఏప్రిల్ ఆఖరుకీ మే మొదటి వారానికీ మధ్య విడుతుంది, చలి ముదిరిన ఏడు ఇంకా ఆలస్యమవుతుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అందుకే మంచు పోయాక పైనీరు కాస్త వేడెక్కగానే కిందికి దిగుతుంది, గాలి మొత్తాన్ని కలిపేస్తుంది, పైనుంచి అడుగు దాకా సరస్సంతా 4 డిగ్రీల చుట్టూనే ఉండిపోతుంది. పైన ఎండకాసి 18 డిగ్రీలై జాకెట్ విప్పెయ్యాలనిపించే మధ్యాహ్నం కూడా మీ పడవ కింద ఉన్నవి ఆ నీళ్లే. మూడో వారానికి పైపొర కొంచెం తేరుకుంటుంది, అయినా అది చన్నీళ్ల కిందే లెక్క.

మానిటోబా విశ్వవిద్యాలయంలో చలినీటి మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ ప్రమాదాన్ని 1-10-1 అనే లెక్కలో చెప్పారు. మొదటి నిమిషం ఊపిరి మన చెప్పుచేతల్లో ఉండదు. చన్నీళ్లు తగలగానే ఒళ్లు గబుక్కున గాలి పీల్చేస్తుంది. ఆ క్షణాన మొహం నీళ్లలో ఉంటే లోపలికి పోయేది నీళ్లే. ఈ నిమిషంలో చేయాల్సిన పని ఒక్కటే, మొహం పైకి పెట్టి శ్వాస నిలకడకి వచ్చేదాకా ఆగడం. తర్వాతి పది నిమిషాలు చేతులూ కాళ్లూ చెప్పినట్టు వింటాయి. ఆపైన వేళ్లు బిగుసుకుపోతాయి, తాడు పట్టుకోలేరు, బకిల్ పెట్టుకోలేరు, చేతులు ఈదడానికి లేవవు. గజఈతగాళ్లు మునిగేది ఇక్కడే. చివరి 1 అంటే గంట. ఒంటివేడి పడిపోయి స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. లైఫ్‌జాకెట్ ఉన్నవాడికి ఆ గంట దక్కుతుంది, లేనివాడికి పది నిమిషాలే.

మినసోటా చట్టం పడవలో మనిషికొక జాకెట్ ఉండాలంటుంది. మీరు దాన్ని తొడుక్కుని, జిప్ పైదాకా లాగి ఉండాలి, తెడ్డు పట్టినంతసేపూ. సీటు కింద పెట్టిన జాకెట్‌ని 4 డిగ్రీల నీళ్లలో వేసుకోవడం ఎవరివల్లా కాదు.

బట్టలు గాలిని చూసి వేసుకోకండి, నీటిని చూసి వేసుకోండి. నీళ్లు లోపలికి చొరనివ్వని డ్రైసూట్ అద్దెకి దొరికితే అదే తీసుకోండి, లోపల ఉన్ని బనియన్. అది దొరక్కపోతే కాళ్లూ మొండెం కప్పే 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన సూటు), పైన గాలి చొరని జాకెట్, చేతులకి నియోప్రీన్ గ్లవ్స్. నూలు బట్ట ఒక్కటి కూడా వద్దు. జీన్స్, కాటన్ టీషర్టు, రాత్రికని పెట్టుకునే లుంగీ, అన్నీ ఇంట్లోనే ఉంచండి. తడిసిన నూలు ఆరదు, ఒంటివేడిని లాగేస్తుంది. రాత్రికి వేసుకునే పొడిజత ఒకటి విడిగా, తడవని సంచిలో, గుడారంలోకి వెళ్లాకే విప్పేలా ఉండాలి.

కయాక్ వేరు, కనూ వేరు

మీరు ఇక్కడ వేసేది పైన కూర్చునే కయాక్ అయితే, తిరగబడినా దాన్ని నిలబెట్టి మళ్లీ ఎక్కేస్తారు, నీళ్లు వాటంతటవే కారిపోతాయి. కనూ తెరిచిన దొన్నె లాంటిది. ఒకసారి నిండితే వందల లీటర్లు పట్టి, అంచు నీటిమట్టానికి దిగిపోతుంది. ఇద్దరు ముగ్గురు వెళ్లినప్పుడు నిండిన కనూని రెండో కనూ మీదికి అడ్డంగా లాగి, బోర్లించి, ఖాళీ చేసి ఇస్తారు. ఒంటరివాడికి ఆ రెండో కనూ లేదు. సరస్సు నడుమ నిండితే ఖాళీ చేసుకుని ఎక్కడం కుదరదనే అనుకుని దారి వేసుకోండి. యాభై మీటర్ల హద్దు నేను చెప్పేది అందుకే. నిండిన పడవని వదలకుండా, కాళ్లు ఆడిస్తూ, చేతులు పనిచేసే ఆ పది నిమిషాల్లో ఒడ్డుకి తోసుకుపోగల దూరం అది. అఖాతాన్ని అడ్డంగా కోసేస్తే ఇరవై నిమిషాలు కలిసొస్తుందనిపిస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు కోయకండి, చుట్టూ తిరగండి.

గాలికి పడవ మీకన్నా వేగంగా కొట్టుకుపోతుంది. అప్పుడు మీకు మిగిలేది ఒంటిమీద ఉన్నదే. కాబట్టి జాకెట్ జేబుల్లో ఇవి ఉండి తీరాలి: విజిల్, ఉపగ్రహ మెసెంజర్ (సెల్ సిగ్నల్ లేనిచోట సందేశం పంపే పరికరం), తడవని డబ్బాలో లైటర్, చిన్న చాకు, మడిచిన రేకు దుప్పటి, ఒక బెల్లం చిక్కీ. సంచి ఎంత బాగా సర్దినా ఈ ఆరూ అందులో పెట్టకండి.

పడవ ఎంపికకి వస్తే, 14 నుంచి 16 అడుగుల సోలో కనూ, కెవ్లర్ అనే తేలికపాటి నారతో చేసింది, 16 నుంచి 19 కిలోల బరువులో ఎలీ ఊళ్లోని అద్దె దుకాణాల్లో దొరుకుతుంది. ఇద్దరు కూర్చునే 17 అడుగుల కనూ చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి. ఒక్కరు కూర్చుంటే దాని రెండో కొన గాలిలోకి లేచి, ప్రతి గాలికీ గాలికోడిలా తిరుగుతుంది. కయాక్ అలవాటున్నవాళ్లకి రెండువైపులా రెక్కలున్న తెడ్డే నయం. కృష్ణలో వాడేది సుమారు 220 సెంటీమీటర్లుంటుంది, కనూ వెడల్పుకి 240 నుంచి 260 కావాలి. పొట్టిదైతే ప్రతి పోటుకీ మోచేయి అంచుకి తగులుతుంది, నీళ్లు ఒళ్లోకి కారతాయి. రెండో తెడ్డు ఒకటి చేతికందేలా ఉంచుకోండి. తెడ్డు పోయిన ఒంటరివాణ్ని గాలి ఎటు తోస్తే అటే పోవాలి.

గాలి

మూటల్ని ఎక్కడ పెట్టాలన్నది గాలిని బట్టి మారుతుంది. ఎదురుగాలికి వెళ్తుంటే బరువు ముక్కువైపు కాస్త జరపండి, పడవ ముక్కు గాలికి నిలబడుతుంది. వెనకగాలి అయితే బరువు వెనక్కి. ఒకే మూటని రెండు జానల దూరం జరిపినా తేడా చేతికి తెలుస్తుంది. ఇది మన దగ్గరే సాధన చేయొచ్చు. వేసవిలో సాయంత్రం దక్షిణపు గాలి లేచినప్పుడు భవానీ ద్వీపం వారగా వెళ్లి చూడండి, బ్యారేజీకి బాగా ఎగువనే ఉంటూ, గేట్లు ఎత్తని రోజుల్లో మాత్రమే.

అక్కడ మేలో అయిదున్నరకే తెల్లారుతుంది. అయిదింటికి లేచి ఆరింటికల్లా నీళ్లమీద ఉంటే పదకొండుకి రోజు ప్రయాణం అయిపోతుంది. పదకొండు దాటాక గాలి పెరుగుతుంది, నాలుగైదింటి దాకా ఉంటుంది. అలల మీద తెల్లనురగ కనిపిస్తే ఆ రోజుకి ఒడ్డే. ఒంటరి ప్రయాణంలో నాలుగింట ఒక రోజు గాలికే పోతుందని ముందే లెక్క వేసుకోవాలి. అంటే నాలుగు రోజుల సెలవుకి మూడు రోజుల దారి, అయిదు రోజుల తిండి. సోమవారం పొద్దున్నే క్లాసుందని ఆదివారం మధ్యాహ్నం అలల్లోకి దిగడం కంటే పెద్ద తప్పు ఈ ప్రయాణంలో లేదు.

పడవ మోత

ఒక సరస్సుకీ ఇంకో సరస్సుకీ మధ్య నేలదారిలో పడవనీ మూటల్నీ మోసుకెళ్లాలి. దాన్నే పోర్టేజ్ అంటారు. అక్కడి మ్యాపుల్లో ఆ దూరాలు రాడ్‌లలో ఉంటాయి. కొత్తవాళ్లు దాన్ని చూసి తికమకపడతారు, గుంటూరువాళ్లకి ఆ అవసరం లేదు. రాడ్ అంటే 16.5 అడుగులు, మన సర్వేయర్ల 66 అడుగుల గొలుసులో సరిగ్గా నాలుగో వంతు, 25 లింకులు. మీటర్లలో అయిదు మీటర్ల పైచిలుకు. 320 రాడ్‌లు ఒక మైలు. ఇంకా బాగా తెలియాలంటే, ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, అంటే 243 రాడ్‌లు. మ్యాపులో 240 అని కనిపిస్తే, నెత్తిన పడవ పెట్టుకుని విజయవాడ నుంచి సీతానగరం దాకా నడవడమని అర్థం, అదీ రాళ్లూ వేళ్లూ బురదా ఉన్న అడవిబాటలో.

ఒక్క మోతలో అంతా తీసుకెళ్లాలంటే పడవ, మూట కలిపి 30 కిలోల లోపు ఉండాలి. వసంతంలో చలిబట్టలతో అది కష్టం. కాబట్టి రెండు మోతలు. ముందు మూటతో వెళ్లి, ఖాళీగా తిరిగొచ్చి, పడవతో మళ్లీ వెళ్లాలి. దూరం రెండింతలు కాదు, మూడింతలు. నూరు రాడ్‌ల దారి అరకిలోమీటరే, మీరు నడిచేది కిలోమీటరున్నర. సర్దుకోవడంతో కలిపి నలభై నిమిషాలు వేసుకోండి. ఎప్పుడూ మూటతోనే మొదలుపెట్టండి. పడవ నెత్తిన ఉంటే ముందు నాలుగడుగులే కనిపిస్తాయి. మంచు కరిగిన కొత్తలో దారికి అడ్డంగా పడిన చెట్లుంటాయి, పల్లాల్లో మోకాటి లోతు నీళ్లుంటాయి, నీడపట్టున మంచుగడ్డ మిగిలి ఉంటుంది. మూటతో వెళ్లినప్పుడే అవన్నీ చూసి పెట్టుకుంటారు.

ఎత్తే పద్ధతి: పడవని మట్టినేల మీద బోర్లించండి, రాతి మీద కాదు. ముక్కువైపు వెళ్లి ఆ కొన ఒక్కటే నెత్తి పైకి ఎత్తండి, వెనక కొన నేలమీదే ఉంటుంది. రెండు అంచులూ పట్టుకుని చిన్న అడుగులతో లోపలికి నడుస్తూ, మధ్యలో ఉన్న కాడి భుజాల మీద కూర్చునేదాకా వెళ్లండి. అప్పుడు వెనక కొన దానంతటదే లేస్తుంది. కాడి సరిగ్గా బిగించి ఉంటే వెనక వైపు పిసరంత బరువు మొగ్గి, ముక్కు కాస్త పైకి ఉండి దారి కనిపిస్తుంది. ముక్కు కిందికి వాలుతుంటే కాడిని ముక్కువైపు ఒక అంగుళం జరపాలి. తొడల మీదికి లాగి ఒక్క ఊపున నెత్తికెత్తే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది, కానీ నడుం పట్టేసేదీ దానివల్లే. తోడు లేని చోట నడుం పట్టేస్తే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

దిగే రేవుల దగ్గర ఇంకో జాగ్రత్త. కెవ్లర్ పడవని ఒడ్డుకి గుద్దించకూడదు. మోకాటి లోతులో ఆపి, నీళ్లలోకి దిగి, తేలుతుండగానే దించుకోవాలి. అంటే పాదాలు రోజంతా తడే. ఉన్ని సాక్సు, చీలమండ కప్పే తడి బూటు. నాచు పట్టిన రాళ్ల మీద అడుగు చదును చేసి వేయండి, మడమ మీద వేస్తే జారతారు.

చాలా పోర్టేజ్‌లు జలపాతం పక్కనే ఉంటాయి, దాన్ని తప్పించడానికే ఆ దారి. మంచు కరిగిన నీళ్లతో మేలో ప్రవాహం బలంగా ఉంటుంది, జూన్‌లో రేవు దాకా పోగలిగిన చోట మేలో పడవని లాగేస్తుంది. నీటి హోరు వినగానే రేవున్న వైపు ఒడ్డుకి అతుక్కోండి, ముందే దిగండి. బౌండరీ వాటర్స్‌లో పోర్టేజ్‌లకీ బసలకీ బోర్డులు ఉండవు. ఫిషర్ లేదా మెకెంజీ కాగితపు మ్యాపు, దిక్సూచి మెడలో ఉండాలి. ఫోన్ మ్యాపు రెండో ఆసరా, చలికి దాని బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

మోతకి ఇక్కడే ఒళ్లు సిద్ధం చేసుకోవచ్చు. ఉండవల్లి వైపు కరకట్ట మీద పాతిక కిలోల బియ్యం బస్తాని వీపు సంచిలో పెట్టుకుని వారానికి మూడుసార్లు రెండు కిలోమీటర్లు నడవండి. రాళ్లదారి అలవాటుకి కొండవీడు కోట ఎక్కండి, దిగేటప్పుడే మోకాళ్లకి అసలు పరీక్ష.

ఎప్పుడు, ఎక్కడి నుంచి

మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కోటా పర్మిట్ (ఒక్కో ప్రవేశానికి రోజుకి ఇన్నే అని ఇచ్చేది) కావాలి. బుకింగ్ జనవరి చివర మొదలవుతుంది. పర్మిట్ మీద రాసిన రోజునే, రాసిన ప్రవేశం నుంచే లోపలికి వెళ్లాలి. మొదటి వారానికి తీసుకుంటే ఆ రోజుకి మంచు విడకపోవచ్చు, సగం విడి గాలికి గడ్డలు మీ రేవుకే కొట్టుకురావచ్చు. మే నడుమ చేపలవేట మొదలయ్యే వారాంతం రద్దీగా ఉంటుంది, అది దాటనివ్వండి. నెలాఖరుకి నల్ల ఈగలు ముసురుకుంటాయి. మూడో వారం చెప్పడానికి కారణం ఈ సందే.

మొదటిసారికి 30వ నంబరు ప్రవేశం, లేక్ వన్, బాగుంటుంది. అక్కణ్నుంచి లేక్ టూకి రెండు పొట్టి మోతలు, ఆపైన త్రీ, ఫోర్‌లకి నీటిదారే. లేక్ వన్‌లో పాయలూ దీవులూ ఎక్కువ, మొదటి గంటలోనే దారి తప్పేది అక్కడే, మ్యాపుని ఒళ్లో విప్పి పెట్టుకోండి. లేక్ త్రీ వెడల్పు, గాలి ఉంటే దాటకండి. చుట్టి వచ్చే దారి కంటే వెళ్లిన దారినే తిరిగొచ్చేది ఎంచుకోండి. ప్రతి రేవూ, ప్రతి గాలిమూలా ఒకసారి చూసినవై ఉంటాయి. ఆ వైపు 2011లో పగామీ క్రీక్ కార్చిచ్చు 90 వేల ఎకరాలకి పైగా కాల్చేసింది, నిలువునా ఎండిన మానులు ఇంకా ఉంటాయి. గుడారం వేసేముందు తలెత్తి చుట్టూ చూడండి, ఎండుచెట్టు పడితే అందే దూరంలో వేయకండి. బస కూడా ఇనుప పొయ్యి బిగించి ఉన్న చోట్లలోనే, మిగతాచోట్ల నిషేధం.

తిండి, నీళ్లు, పడక

రోజుకి 700 గ్రాముల పొడితిండి చాలు. అటుకులు, వేయించిన రవ్వతో ఉప్మా మిక్స్, కందిపొడి, పులిహోర ముద్ద, వేరుశనగ చిక్కీ, నెయ్యి. వేణ్నీళ్లు పోస్తే అయిదు నిమిషాల్లో అయ్యేవే పెట్టుకోండి, తడిసి వణుకుతున్నప్పుడు అన్నం వండలేరు. తినుబండారాల రేకు డబ్బాలు, గాజు సీసాలు అక్కడ నిషేధం. గోంగూరైనా ఆవకాయైనా ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి, రెండు కవర్లలో చుట్టండి, ఆ వాసన ఎలుగుబంటికి మనకంటే ముందు తెలుస్తుంది. తిండిని ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో ఉంచాలి, లేదా నేలకి 12 అడుగుల ఎత్తున, మానుకి 6 అడుగుల ఎడంగా వేలాడదీయాలి. ఆ ఎత్తుకి సరిపడే కొమ్మ చీకటిపడే వేళ దొరకదు, డబ్బాయే నయం.

సరస్సు నీళ్లు తేటగా ఉన్నా కడుపు పాడుచేసే జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. ఫిల్టర్ వాడితే ఒక సంగతి మరవకండి. సన్నగొట్టాల ఫిల్టర్ ఒక్క రాత్రి గడ్డకడితే లోపల చిట్లుతుంది, బయటికి తెలియదు, పొద్దున మామూలుగానే నీళ్లొస్తాయి, వడకట్టడం మాత్రం ఉండదు. రాత్రి దాన్నీ, గ్యాస్ సిలిండర్‌నీ పడకసంచిలో పెట్టుకుని పడుకోండి. అనుమానం ఉంటే నీళ్లు తెర్లాక ఇంకో నిమిషం కాగనివ్వండి. రాత్రులు సున్నాకి దిగువకి పోతాయి. పడకసంచి మైనస్ 7 డిగ్రీలకి తట్టుకునేది, కింద పరుపు ఆర్-విలువ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 4కి తగ్గనిది. రక్తం పీల్చే పిడుదులు మే నాటికే తిరుగుతుంటాయి, రాత్రి పడుకునేముందు చంకలూ మోకాలి వెనకలూ తడిమి చూసుకోండి.

ఒకవేళ తడిసిపోతే: గాలి తగలని చోటికి చేరి, తడిబట్టలన్నీ విప్పి, పొడిజత వేసుకుని, పడకసంచిలో దూరి, తీపి తిని, వేడిగా తాగండి. చేతులూ కాళ్లూ రుద్దకండి. పొయ్యి తర్వాత, బట్టలు ముందు. మాట తడబడుతున్నా, వేళ్లు జిప్ పట్టుకోలేకపోతున్నా ఆ రోజు ఇక పడవ ఎక్కకండి.

కబురు

లోపల సెల్ సిగ్నల్ మీద ఆధారపడకూడదు. ఉపగ్రహ మెసెంజర్ అద్దెకి తీసుకోండి. కొనుక్కున్నా దాన్ని సెలవులకి ఇంటికి తేకండి, అనుమతి లేకుండా ఉపగ్రహ పరికరాలు తెచ్చినవాళ్లని మన విమానాశ్రయాల్లో ఆపి కేసులు పెట్టారు. మీ దారి, బసలు, పడవ రంగు, కారు నంబరు, బయటికొచ్చే తేదీ, ఇవన్నీ రాసిన కాగితం మినియాపొలిస్‌లో ఒక స్నేహితుడి దగ్గర ఉండాలి. వెతకడానికి వచ్చేది ఆ కౌంటీ షెరిఫ్ మనుషులు, వాళ్లని పిలవాల్సింది ఆ స్నేహితుడు. గుంటూరు నుంచి 911కి ఫోన్ పోదు, అందుకని షెరిఫ్ ఆఫీసు పూర్తి నంబరు కూడా కాగితం మీద రాయండి. గాలికి ఆగిపోయే రోజుని కలుపుకుని గడువు పెట్టండి: అయిదో రోజు సాయంత్రం ఆరింటిదాకా కబురు లేకపోతే ఫోన్ చేయమని.

ఇంటికి మాత్రం రోజూ రాత్రి ఎనిమిదింటికి, గుడారం వేశాక, ఒక్క సందేశం. అప్పుడు గుంటూరులో పొద్దున ఆరున్నర, అమ్మానాన్నలు కాఫీ తాగే వేళ. ఒక పూట సందేశం రాకపోయినా కంగారుపడొద్దని, చెట్లు అడ్డొస్తే ఆ పరికరం ఆలస్యం చేస్తుందని బయల్దేరేముందే వాళ్లకి చెప్పండి. గడువు తేదీ వాళ్ల క్యాలెండర్ మీద కూడా రాసి రండి.